జిరాక్స్ షాపు సిస్టమ్‌కు లినక్స్

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 7 గడువైతే 2020 జనవరిలోనే తీరింది. అయినా వరంగల్‌లో మట్టెవాడ, మండిబజార్, స్టేషన్ రోడ్డు వైపు చిన్న దుకాణాల కౌంటర్ల వెనక ఇప్పటికీ ఈ రెండే ఎక్కువగా కనిపిస్తాయి. విండోస్ 7 ఉన్న సిస్టమ్‌కు 2023 నుంచి కొత్త క్రోమ్ రావడం లేదు, 109 దగ్గరే ఆగిపోయింది. కొన్ని సైట్లు తెరుచుకోవు, తెరుచుకున్నవాటికి భద్రత ఉండదు. పోనీ విండోస్ 11 ఎక్కిద్దామంటే టీపీఎం 2.0 చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో అయి ఉండాలి. ఇక చేసేదేం లేదనుకుని, నడుస్తున్న సిస్టమ్‌ను పాత సామాన్ల బండికి వేసేస్తున్నారు. అక్కర్లేదు. అదే సిస్టమ్ మీద ఇప్పటి లినక్స్ శుభ్రంగా నడుస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు కూడా ఒక ఆదివారం కూర్చుంటే చేసుకోగలిగిన పనే ఇది.

మట్టెవాడలో మా చిన్నాయన జిరాక్స్ షాపు నడుపుతాడు. ఆయన సిస్టమ్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. పెంటియం డ్యుయల్ కోర్ ఈ5300 ప్రాసెసర్, ఇంటెల్ జీ31 బోర్డు, 2 జీబీ డీడీఆర్2 ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7. 2009 ప్రాంతంలో మన ఊళ్లలో అసెంబుల్ చేసిన సిస్టమ్‌లలో ఈ సరుకే ఎక్కువ. మీ ఇంట్లో అటక మీద ఉన్నది కూడా దీనికి అటూ ఇటూగానే ఉండొచ్చు.

మొదట కాగితం, తర్వాత స్క్రూడ్రైవర్

సిస్టమ్ జోలికి పోయే ముందు, రోజూ దాని మీద ఏమేం పనులు జరుగుతున్నాయో ఒక కాగితం మీద రాయాలి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. తర్వాత వచ్చే తలనొప్పులు చాలావరకు ఇక్కడే పుడతాయి. తెర మీద కొత్త డెస్క్‌టాప్ కనిపించగానే పని అయిపోయినట్టు కాదు, మర్నాడు పొద్దున షాపు ఎప్పట్లాగే నడవాలి.

చిన్నాయనను అడిగి రాసుకున్న పనులు ఇవి: వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌లు ప్రింట్ తీయడం, హాల్‌టికెట్లు డౌన్‌లోడ్ చేయడం, రెజ్యూమేలు, తెలుగులో అర్జీలు టైప్ చేయడం, అప్పుడప్పుడూ పెళ్లికార్డులు. మొదటి రెండింటికీ బ్రౌజర్, ప్రింటర్ ఉంటే చాలు. రెజ్యూమేలకు లిబ్రెఆఫీస్ సరిపోతుంది. తెలుగు టైపింగ్‌కు కొంచెం అమరిక కావాలి. పెళ్లికార్డుల దగ్గరే అసలు చిక్కు. అవన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినవి. ఆ ఫైళ్లలో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు. ఫాంట్ లేకుండా తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. పేజ్‌మేకర్‌కు లినక్స్ వెర్షన్ కూడా లేదు. ట్యాలీ మీద లెక్కలు రాసే హోల్‌సేల్ షాపులకూ ఇలాంటి ఇబ్బందే ఉంటుంది. వేలిముద్రల పరికరాలు, డిజిటల్ సంతకం టోకెన్లు వాడేవాళ్లు వాటికి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో ముందే చూసుకోవాలి.

అందుకే పాత విండోస్‌ను చెరపకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాం. దానికి తేలికైన దారి ఉంది, కాసేపట్లో చెబుతాను.

“అన్ని తిప్పలు పడి ఎక్కిస్తే ఇది ఇంకో నాలుగేండ్లు నడుస్తదా బిడ్డా?” అని చిన్నాయన అడిగాడు. నడుస్తుంది, కానీ పెట్టె విప్పి చూడకుండా ఆ మాట చెప్పకూడదు. సీపీయూ డబ్బా పక్క రేకు తీయగానే ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము మందంగా పేరుకుని కనిపించింది. బ్లోయర్ పెట్టి ఊదాం. ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాశాం. ర్యామ్ చిప్పలు తీసి, వాటి కాంట్యాక్టులు రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చాం. ఈ బోర్డుకు ర్యామ్ స్లాట్లు రెండే, 4 జీబీకి మించి పట్టదు. డీడీఆర్2 సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతుంది. రిపేరు షాపులో రెండు 2 జీబీ చిప్పలు అడిగి తెచ్చుకుంటే సరి. 2 జీబీతో కూడా లినక్స్ నడుస్తుంది కానీ, బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబులు తెరిచేసరికి నీరసించిపోతుంది.

బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్2032 అంటారు. ఇన్నేళ్ల సిస్టమ్‌లో అది చచ్చిపోయే ఉంటుంది. తప్పకుండా మార్చండి. అది పోతే స్విచ్ ఆపిన ప్రతిసారీ గడియారం ఎప్పటిదో పాత తేదీకి వెళ్లిపోతుంది. తేదీ తప్పితే వెబ్‌సైట్ల సర్టిఫికెట్ల గడువు సరిపోలక, ఏ సైటు తెరిచినా ఈ కనెక్షన్ సురక్షితం కాదని బ్రౌజర్ అడ్డుపడుతుంది. ఇంటర్నెట్ పాడైందనుకుని వైర్లు పీకి చూసేవాళ్లను చాలామందిని చూశాను. తప్పంతా ఆ చిన్న బిళ్లదే.

ఇక ఖర్చుల్లో నేను తప్పనిసరి అనేది ఎస్ఎస్‌డీ. 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ చాలు. పాత బోర్డు మీద సాటా వేగం తక్కువే అయినా, తిరిగే పళ్లేల హార్డ్ డిస్క్‌కూ దీనికీ తేడా కంటికి కనిపిస్తుంది. పాత సిస్టమ్ నెమ్మదించడానికి చాలాసార్లు ప్రాసెసర్ కంటే డిస్కే కారణం. పైగా పాత డిస్క్ ఊడదీసి లినక్స్‌ను కొత్త ఎస్ఎస్‌డీ మీదే ఎక్కిస్తే విండోస్‌కూ అందులోని ఫైళ్లకూ చీమ కుట్టినంత దెబ్బ కూడా తగలదు. ఇందాక చెప్పిన తేలికైన దారి ఇదే. ఒకే డిస్క్‌ను రెండు భాగాలు చేసి పక్కపక్కనే పెట్టుకునే పద్ధతీ ఉంది. అందులో ఒక్క క్లిక్ తప్పితే డేటా పోతుంది కాబట్టి కొత్తవాళ్లకు నేను చెప్పను.

డిస్క్ ఊడదీస్తున్నాం కదా అని బ్యాకప్ మానేయకండి. పదిహేనేళ్ల డిస్క్ ఏ రోజు ఆగిపోతుందో చెప్పలేం. పెళ్లికార్డుల ఫోల్డరు, ఫొటోలు, డెస్క్‌టాప్ మీద పడి ఉన్నవి, అన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఎక్కించి, వేరే కంప్యూటర్‌లో నాలుగు ఫైళ్లు తెరిచి చూసుకోండి.

ఏ లినక్స్?

ముందుగా ప్రాసెసర్ 64 బిట్‌దా కాదా అన్నది తేల్చుకోవాలి. విండోస్‌లో సిస్టమ్ వివరాల పేజీ చూస్తే కొన్నిసార్లు 32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్ అని ఉంటుంది. అది ఎక్కించిన విండోస్ సంగతి మాత్రమే, ప్రాసెసర్‌ది కాదు. కోర్ 2 డ్యుయో, పెంటియం డ్యుయల్ కోర్ ఈ సిరీస్ అన్నీ 64 బిట్‌వే. 2008లో వచ్చిన చిన్న నెట్‌బుక్‌లలోని ఆటమ్ ఎన్270 లాంటివి మాత్రం 32 బిట్ దగ్గరే ఆగిపోయాయి. వాటికి దారులు మూసుకుపోతున్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు 32 బిట్ పీసీల ఇన్‌స్టాలరే లేదు. అలాంటి యంత్రానికి యాంటిఎక్స్ లాంటి తేలికపాటి పంపిణీ (డిస్ట్రో) వేసుకోవచ్చు కానీ, దాని మీద నేటి వెబ్‌సైట్లు సాఫీగా నడుస్తాయని ఆశ పెట్టుకోవద్దు.

64 బిట్ అయితే కొత్తవాళ్లకు నా సలహా లినక్స్ మింట్ 22, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. ఉబుంటు 24.04 మీద కట్టినది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. కింద మెనూ బటన్, కుడి మూల గడియారం, విండోస్ 7 వాడిన చేతికి కొత్తగా అనిపించదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనేది తేలికైన డెస్క్‌టాప్, జీ31 బోర్డులోని పాత గ్రాఫిక్స్ కూడా దాన్ని మోయగలదు. డెబియన్ గట్టిదే, లుబుంటు ఇంకా తేలిక. అయితే కొత్తగా నేర్చుకునేవాళ్లు రోజుకో డిస్ట్రో మార్చడం మొదలుపెడితే దేనిమీదా పట్టు రాదు. మన తెలుగువాళ్ల ప్రయత్నంగా స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిన సంగతి గుర్తు చేయాలి. లినక్స్‌లో ఈరోజు తెలుగు మెనూలు కనిపిస్తున్నాయంటే వాళ్లలాంటి స్వచ్ఛంద కార్యకర్తలు కూర్చుని ఒక్కో మాటా తెలుగు చేయడం వల్లే.

పెన్‌డ్రైవ్

మింట్ వెబ్‌సైట్ నుంచి ఐఎస్ఓ ఫైల్ దించుకోవాలి, దాదాపు 3 జీబీ ఉంటుంది. డౌన్‌లోడ్ పేజీలో మన దేశపు సర్వర్ ఎంచుకుంటే త్వరగా వస్తుంది. దిగాక దాని షా256 సంఖ్యను సైటులో ఇచ్చిన సంఖ్యతో పోల్చండి. 7-జిప్ ఉంటే ఫైల్ మీద రైట్‌క్లిక్ చేస్తే చాలు, లెక్క చెబుతుంది. మధ్యలో నెట్ తెగి సగం పాడైన ఫైల్‌తో మొదలుపెడితే ఇన్‌స్టాలేషన్ ఎక్కడో నడుమ ఆగిపోతుంది, కారణం తెలియక సిస్టమ్‌ను తిట్టుకుంటాం.

8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. రూఫస్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో ఐఎస్ఓను దాని మీదికి ఎక్కించాలి. నాలుగో వెర్షన్ నుంచి రూఫస్ విండోస్ 7 మీద నడవదు కాబట్టి ఈ పనికి వేరే కంప్యూటర్ వాడుకోండి. పాత బోర్డుల కోసం పార్టిషన్ స్కీమ్ దగ్గర ఎంబీఆర్ అని ఉండేలా చూడండి. మిగతావి ఉన్నవి ఉన్నట్టు వదిలేయండి.

బూట్ చేసి, ఎక్కించకుండానే నడిపి చూడాలి

పాత హార్డ్ డిస్క్‌కు పవర్ కేబుల్, సాటా కేబుల్ రెండూ ఊడదీసి, ఎస్ఎస్‌డీకి తగిలించండి. పెన్‌డ్రైవ్‌ను సీపీయూ వెనక ఉన్న పోర్టులో గుచ్చండి. ముందు పోర్టులకు లోపలి వైర్లు సగం ఊడి ఉండటం మామూలే. స్విచ్ వేయగానే బూట్ మెనూ మీట పదే పదే నొక్కాలి. ఇంటెల్ బోర్డుకు ఎఫ్10, గిగాబైట్‌కు ఎఫ్12, ఆసస్‌కు ఎఫ్8, డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. మెనూలో పెన్‌డ్రైవ్ పేరు రాకపోతే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లి చూడండి. కొన్ని పాత బయోస్‌లలో పెన్‌డ్రైవ్‌ను కూడా హార్డ్ డిస్క్ కిందే లెక్కగడతారు. హార్డ్ డిస్క్‌ల వరుస అనే లోపలి మెనూ తెరిచి దాన్ని పైకి జరపాలి. అసలు యూఎస్‌బీ నుంచి బూట్ కాని బోర్డయితే ఐఎస్ఓను డీవీడీ మీద రాసుకోండి, పడుతుంది.

మింట్ మెనూ వచ్చాక మొదటి వరుస నొక్కండి. పాత యూఎస్‌బీ వేగం తక్కువ కాబట్టి డెస్క్‌టాప్ రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. నల్ల తెర చూసి కంగారుపడి స్విచ్ కట్టేయకండి. మరీ కదలకుండా ఉండిపోతే మళ్లీ మొదలుపెట్టి, అదే మెనూలో కంపాటిబిలిటీ మోడ్ ఎంచుకోండి. పాత ఎన్‌విడియా కార్డులతో ఇది అవసరమవుతుంది.

ఇప్పుడు మీ ముందున్నది పెన్‌డ్రైవ్ మీదనే నడుస్తున్న లినక్స్. డిస్క్ మీద ఇంకా ఏమీ రాయలేదు. తొందరపడి ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కకుండా, పాట ఒకటి పెట్టి సౌండ్ వస్తోందో లేదో వినండి. వైఫై కనిపిస్తోందా, కీబోర్డులో అన్ని మీటలూ పనిచేస్తున్నాయా చూడండి. వైఫై రాకపోతే ఫోన్‌ను డేటా కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని వైరు నెట్‌లాగే గుర్తుపట్టి నెట్ ఇస్తుంది. ఎక్కించాక డ్రైవర్ మేనేజర్‌లో ఆ వైఫై కార్డుకు డ్రైవర్ ఉంటే అక్కడే తగిలించుకోవచ్చు.

ఎక్కించడం

ఇందులో చెప్పాల్సింది తక్కువ. యూపీఎస్ బ్యాటరీ బాగుంటే సరే, లేకపోతే కరెంటు నిలకడగా ఉండే వేళ చూసుకోండి. ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కితే ముందు భాష అడుగుతుంది. జాబితాలో తెలుగు కూడా ఉంది. నేనైతే షాపులకు ఇంగ్లిషే ఎంచుకోమంటాను, ఎందుకంటే తర్వాత ఏదైనా సందేహం వస్తే అడిగేవాళ్లూ చెప్పేవాళ్లూ ఆ మెనూ పేర్లతోనే మాట్లాడతారు. ఇంట్లో అమ్మానాన్నల కోసమైతే నిక్షేపంగా తెలుగు పెట్టండి. కీబోర్డు ఇంగ్లిష్ యూఎస్. మల్టీమీడియా కోడెక్స్ దగ్గర టిక్ పెట్టండి, లేకపోతే కొన్ని వీడియోలు ఆడవు. తర్వాత డిస్క్ చెరిపి ఇన్‌స్టాల్ చేయాలా అని అడుగుతుంది. తగిలించి ఉన్నది ఖాళీ ఎస్ఎస్‌డీ ఒక్కటే కాబట్టి ధైర్యంగా అవుననండి. పటంలో మన దేశం మీద నొక్కితే కోల్‌కతా అని వస్తుంది, మన సమయం అదే. పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి వదిలేయండి. పాస్‌వర్డ్ మాత్రం కాగితం మీద రాసి పెట్టుకోండి, ప్రతి అప్‌డేట్‌కూ కావాలి. అయిపోయాక పెన్‌డ్రైవ్ తీసి ఎంటర్ కొట్టమంటుంది.

మొదటిసారి తెరుచుకోగానే అప్‌డేట్ మేనేజర్ నడిపించి, వచ్చినవన్నీ ఎక్కించండి. ఆ వెంటనే టైమ్‌షిఫ్ట్ అనే దాన్ని తెరిచి ఒక స్నాప్‌షాట్ తీయండి. రేపు ఏ అప్‌డేట్ తేడా చేసినా సిస్టమ్‌ను ఈ స్థితికి వెనక్కి తెచ్చుకోవచ్చు. మన ఫొటోలు, ఫైళ్లు మాత్రం అందులోకి రావు, వాటికి విడిగా బ్యాకప్ ఉండాల్సిందే.

తెలుగు

తెలుగు చదవడానికి ఏమీ చేయనక్కర్లేదు, ఫాంట్ ముందే ఉంటుంది. రాయడానికి సెట్టింగ్స్‌లో కీబోర్డ్, అందులో లేఅవుట్ ట్యాబ్ తెరవాలి. సిస్టమ్ డిఫాల్ట్స్ వాడు అన్న టిక్ తీసేసి, యాడ్ నొక్కి, ఇండియన్ కింద తెలుగు ఎంచుకోవాలి. భాష మార్చే మీట కూడా అక్కడే పెట్టుకోవచ్చు.

ఇలా వచ్చేది ఇన్‌స్క్రిప్ట్, మన దేశ భాషలన్నిటికీ ఒకే తీరులో అమర్చిన ప్రామాణిక కీబోర్డు. ఎడమ చేతి కింద గుణింతాలు, కుడి చేతి కింద హల్లులు ఎక్కువగా ఉంటాయి. మట్టెవాడ అని కొట్టి చూడండి. సి నొక్కితే మ. ఎంటర్ పక్కనున్న కోట్ మీట నొక్కితే ట, డి నొక్కితే పొల్లు, మళ్లీ కోట్ నొక్కితే రెండో ట వచ్చి ఒత్తుగా కూర్చుంటుంది. జడ్‌తో ఎత్వం. బితో వ, ఇతో దీర్ఘం, చివర స్క్వేర్ బ్రాకెట్ మీటతో డ. షిఫ్ట్ అవసరమే రాలేదు. రోజూ కాసేపు కూర్చుంటే వేళ్లకు అలవాటైపోతుంది. చిన్నాయనలా అను మీద యాపిల్ కీబోర్డుకు ఏళ్లుగా అలవాటు పడ్డవాళ్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్ ఎం17ఎన్ ఎక్కించుకుంటే తెలుగు యాపిల్ లేఅవుట్ కూడా దొరుకుతుంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించేవాళ్లకు అందులోనే ఆర్‌టీఎస్ ఉంది.

ఫాంట్లకు కూడా కొదవ లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు లినక్స్ భాండాగారాల్లోనే దొరుకుతాయి. బమ్మెర పోతన మన పాత వరంగల్ జిల్లావాడే కాబట్టి ఆ పేరు మెనూలో చూస్తే నాకు ప్రత్యేకంగా సంతోషం. అమెరికాలోని సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన రామభద్ర, మండలి, సూరన్న లాంటివి కార్డులకూ కరపత్రాలకూ పనికొస్తాయి.

ప్రింటర్

జిరాక్స్ షాపుకు ఇదే ప్రాణం. చిన్నాయన దగ్గరున్నది హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. దీనికి ఒక విచిత్రం ఉంది. తన ఫర్మ్‌వేర్ తనలో దాచుకోదు, స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే దానికి పంపాలి. అందుకే లినక్స్ ప్రింటర్ పేరు గుర్తుపట్టినా, ప్రింట్ కొడితే కాగితం కదలదు. హెచ్‌పీ వారి హెచ్‌పీఎల్ఐపీ టూల్‌బాక్స్ తెరిచి ప్రింటర్‌ను జత చేస్తే ఒక ప్లగిన్ దించుకోవాలని అడుగుతుంది. ఒప్పుకుని, షరతుల దగ్గర టిక్ పెట్టి, పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తర్వాత ప్రింటర్ ఆన్ చేయగానే ఫర్మ్‌వేర్ దానంతటదే వెళ్తుంది.

మన షాపుల్లో ఎక్కువగా కనిపించే ఇంకో ప్రింటర్ కెనాన్ ఎల్‌బీపీ 2900. అది మొండిది. క్యాప్ట్ అనే కెనాన్ సొంత భాష తప్ప వినదు, లినక్స్‌లో దాన్ని నడిపించడం కొత్తవాళ్ల చేతి పని కాదు. మీ షాపులో అదే ఉంటే తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని, ప్రింటర్ సంగతి తేలాకే మిగతా పని మొదలుపెట్టండి.

వాట్సాప్ కోసం ఫైర్‌ఫాక్స్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు. వర్డ్ ఫైళ్లు లిబ్రెఆఫీస్‌లో తెరుచుకుంటాయి. అయితే ఫాంట్ మారితే వరుసలు జరిగి ఒక పేజీ రెండవుతుంది. కస్టమర్లకు పీడీఎఫ్ పంపమని చెప్పడం మంచిది.

ఇక పాత హార్డ్ డిస్క్. లినక్స్ మీద రోజువారీ పనంతా సాగుతోందని రూఢి అయ్యాక, దాన్ని మళ్లీ లోపల తగిలించండి. బయోస్‌లో మొదటి బూట్ డిస్క్‌గా ఎస్ఎస్‌డీని పెట్టండి. పాత పెళ్లికార్డు ఏదైనా మార్చాల్సి వస్తే స్విచ్ వేయగానే ఎఫ్10 నొక్కి పాత డిస్క్ ఎంచుకుంటే విండోస్ 7, పేజ్‌మేకర్ ఎక్కడివక్కడే ఉంటాయి. అటు వెళ్లేటప్పుడు నెట్ వైరు పీకేయాలి, భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్‌ను ఇంటర్నెట్‌కు కలపకూడదు. విండోస్‌లో పని చేసి తిరిగొచ్చాక లినక్స్ గడియారం అయిదున్నర గంటలు అటో ఇటో జరిగి కనిపించవచ్చు. బోర్డులోని సమయాన్ని రెండూ రెండు రకాలుగా లెక్కించడమే కారణం. నెట్ తగలగానే సర్దుకుంటుంది. కొత్త కార్డులు మాత్రం లినక్స్‌లోనే, స్క్రైబస్ 1.6లో యూనికోడ్‌తో మొదలుపెట్టండి. ఒత్తులు, గుణింతాలు అందులో సరిగానే కూర్చుంటున్నాయి. అను ఫైళ్లలో మళ్లీ మళ్లీ వాడే శుభలేఖ వాక్యాలను తీరిక దొరికినప్పుడల్లా ఒక్కొక్కటే యూనికోడ్‌లో కొట్టి దాచుకుంటూ పోతే, ఆ డిస్క్ పూర్తిగా ఆగిపోయే నాటికి దాంతో అవసరం ఉండదు.